పామును పట్టుకెళ్ళాక దొడ్డిలో మిగిలే పని

దొడ్డిలో నాగుపాము కనిపించిందని ఫోను చేస్తే పాములు పట్టే మనిషి వచ్చి, దాన్ని ఒడుపుగా పట్టి, సంచిలో వేసుకుని వెళ్ళిపోతాడు. పీడ విరగడైందని ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఆ పాము తలదాచుకున్న బొరియ, ఆ బొరియను తవ్విన పందికొక్కులు, వాటిని మేపిన గడ్డివామి కిందా కోళ్ళగూడు పక్కనా చిందిన గింజలు, అన్నీ ఉన్నచోటనే ఉంటాయి. అందుకే రెండు మూడు నెలల్లో మరో పాము రావడంలో ఆశ్చర్యం లేదు. దొడ్డి బాగుచేత అనగానే చాలామంది సిమెంటు బస్తాతో మొదలుపెడతారు గానీ, నిజానికి సిమెంటు వంతు చివర్లో వస్తుంది. లోపల ఏమీ మిగల్లేదని తేల్చుకోవడం, మందులూ బోనులూ ఏరివేయడం, మలమూత్రాలను శుభ్రం చేయడం, ఆ తర్వాతే పూడ్చడం అన్నది సరైన వరస. కోతులో అడవి పందులో వచ్చిపోయిన దొడ్డికీ ఇదే వరస. ఈ వరస తప్పితే ఖర్చు రెండింతలవుతుంది, కొన్నిసార్లు ప్రాణం మీదికీ వస్తుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పనికి ఒక గడువు కూడా ఉంది. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. అప్పుడు బొరియల్లో నీళ్ళు నిండి ఎలుకలు, పాములు, జెర్రులు మెరక వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నీళ్ళు తీసిన ఇళ్ళలోకి అడుగుపెట్టిన వాళ్ళకు బురదతో పాటు పాముల భయం కూడా ఎదురైంది. వేసవిలో తవ్విన బొరియను సెప్టెంబరు లోపల గట్టిగా పూడ్చకపోతే, తొలి వానకే ఆ సొరంగం నీళ్ళకు దారి అయి అరుగును, ప్రహరీని, ఒక్కోసారి ఇంటి గోడను కూడా కుంగదీస్తుంది. కాబట్టి ఎండలు ఉండగానే పని మొదలుపెట్టడం మేలు.

మొదట చేయాల్సింది ఏ బొరియలో ప్రాణి ఉంది, ఏది ఖాళీ అన్నది తేల్చుకోవడం. ఇందుకు వ్యవసాయ శాఖ వాళ్ళు ఎలుకల నివారణలో చెప్పే పద్ధతి చాలా సులువైనది, నమ్మదగినది. సాయంత్రం పూట దొడ్డిలో కనిపించిన ప్రతి బొరియ మూతినీ పిడికెడు మట్టితో తేలికగా మూసి, పక్కన ఒక పుల్ల గుర్తుగా గుచ్చాలి. తెల్లవారి చూసినప్పుడు ఏ మూతి తెరుచుకుని ఉందో, ఏ మూతి ముందు కొత్త మట్టి గుల్లగా పడి ఉందో, అందులో పందికొక్కు ఉన్నట్టే. వరసగా మూడు రోజులు కదలని బొరియనే ఖాళీ అనుకోవాలి. పందికొక్కు బొరియకు ఒకే దారి ఉండదు. గోడ ఇవతల ఒక మూతి, అవతల పొదలో మరొకటి, కొట్టం మూల ఇంకొకటి ఉంటాయి. ఈ పరీక్ష చేయకుండా కనిపించిన మూతిని మాత్రమే సిమెంటుతో బిగిస్తే, లోపలిది రెండు అడుగుల అవతల మరో దారి తవ్వుకుంటుంది. లోపల పిల్లలు ఉండి చస్తే ఇంట్లోకి వారం పాటు భరించలేని కంపు వస్తుంది, ఈగలు ముసురుతాయి.

పాము పట్టిన చోట ఇంకొక జాగ్రత్త అవసరం. నాగుపాము సాధారణంగా ఏప్రిల్ నుంచి జూలై మధ్య గుడ్లు పెడుతుంది. ఎలుక బొరియ, పాత ఇటుకల కుప్ప, కుళ్ళిన ఆకుల దిబ్బ దానికి అనువైన చోట్లు. గుడ్లు పగలడానికి సుమారు రెండు నెలలు పడుతుంది, పిల్లకు పుట్టిన నాటి నుంచే విషం ఉంటుంది. కాబట్టి ఎండాకాలంలో పాము పట్టించిన ఇంటివాళ్ళు వానాకాలం మొదట్లో పిల్లలు కనిపించే అవకాశాన్ని మనసులో పెట్టుకోవాలి. రక్తపింజరి గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలను కంటుంది. ఎండుటాకుల్లో, కంపచెట్ల కింద కదలకుండా పడుకోవడం దాని అలవాటు. అందువల్ల ఏ కుప్పనైనా పట్టపగలే, పైనుంచి కిందికి, పొడవాటి కర్రతోనో దంతెతోనో కదిలించాలి. కుప్ప కిందికి చేయి పెట్టడం, ఇటుకను వేళ్ళతో పట్టి ఎత్తడం ఎంత అలవాటైన పనైనా మానుకోవాలి. మోకాలి దాకా వచ్చే గంబూట్లు, మందపాటి చేతితొడుగులు ఉండాలి. కుప్పకు నిప్పు పెట్టడం పరిష్కారం కాదు. లోపల ఏముందో తెలియదు, ఉన్నది ఎటు పరుగెత్తుతుందో అంతకన్నా తెలియదు. గుడ్లు గానీ మరో పాము గానీ కనిపిస్తే మళ్ళీ పాములు పట్టేవాళ్ళనో, అటవీ శాఖనో పిలవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నాగుపాము, ఉడుము వంటివి రక్షణ ఉన్న ప్రాణులు. వాటిని చంపడం నేరం. ఇక జెర్రిపోతు విషం లేనిది, పైగా పందికొక్కులను తినేది. దొడ్డి దాటి పోయే జెర్రిపోతును పోనివ్వడమే మంచిది. కిరసనాయిలు చల్లడం, వెల్లుల్లి దంచి గుమ్మంలో పోయడం, ఫినాయిలు గీత గీయడం పామును ఆపవు. కిరసనాయిలు మట్టిని పాడుచేసి బావి నీటిలోకి దిగుతుంది, అంతే.

ఏరివేత గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన భాగం అదే. ఎలుకల మందు పెట్టినవాళ్ళు ఎన్ని చోట్ల పెట్టారో రాసి పెట్టుకోవాలి, పని అయ్యాక లెక్క సరిపోయేదాకా అన్నీ తీసేయాలి. మందు తిని చచ్చిన ఎలుకను కుక్క తిన్నా, పిల్లి తిన్నా, గుడ్లగూబ తిన్నా ఆ విషం వాటిలోకి వెళుతుంది. ఎలుకలను తిని మనకు సాయపడే ప్రాణులే ముందు పోతాయి. ధాన్యం గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను ఇంటి పక్క బొరియల్లో వేయడం మరీ ఘోరం. తేమ తగలగానే అవి ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి, ఆ వాయువు గోడ పగుళ్ళ గుండా పడక గదిలోకి చేరగలదు. ఆ బిళ్ళలను మామూలు కొనుగోలుదారుకు అమ్మడానికే అనుమతి లేదు. అడవి పందుల బెడద ఉన్న మెట్ట గ్రామాల్లో, వెలిగొండల అంచున ఉన్న ఉదయగిరి, సీతారామపురం వైపు, నల్లమలకు దగ్గరి పడమటి ఊళ్ళలో, ఇంకో రకం ప్రమాదం ఉంటుంది. కంచె అడుగున కట్టిన తీగ ఉచ్చులు, పిండిలో చుట్టి పెట్టిన నాటు బాంబులు పందులు వెళ్ళిపోయాక కూడా మిగిలిపోతాయి, మేతకు వెళ్ళిన ఆవు దవడ పగిలిపోవడానికి అలాంటిది ఒక్కటి చాలు. దొడ్డి చుట్టూ, చేని గట్టు వెంబడి కంచెను చేతి కర్రతో తడుముతూ ఒకసారి నిదానంగా నడవాలి. ఉచ్చు కనిపిస్తే కోసేయాలి. అనుమానపు ఉండ కనిపిస్తే ముట్టుకోకుండా, పశువులను అటు పోనివ్వకుండా పోలీసులకు చెప్పాలి. కరెంటు తీగకు కొక్కెం తగిలించి కంచెకు పెట్టే అలవాటు మనుషులను చంపుతోంది. అలాంటిది మన దొడ్డిలో గానీ పక్కవారి దొడ్డిలో గానీ ఉంటే లైన్‌మన్‌తో తీయించాకే మిగతా పని.

ఇక శుభ్రత. ఎలుకలు, పందికొక్కుల మూత్రంలో లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఎండిన చోట అది త్వరగా చస్తుంది, తడి మట్టిలో, నిలవ నీటిలో వారాల పాటు బతుకుతుంది. కాలి పగుళ్ళ గుండా, చేతి గీతల గుండా, కంటి గుండా ఒంట్లోకి చేరుతుంది. జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడటం దాని మొదటి లక్షణాలు. ముదిరితే కామెర్లు వచ్చి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎలుకలు తిరిగే పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న నల్లి (మంచం నల్లి కాదు, మైట్ అనే పురుగు) పిల్లలు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ ఇంకొకటి. కుట్టిన చోట నొప్పి లేని నల్లటి చెక్కు కడుతుంది, అది చంకలోనో నడుము మడతలోనో ఉండటం వల్ల రోగి చూసుకోడు. దొడ్డి శుభ్రం చేసిన రెండు మూడు వారాల లోపు జ్వరం వస్తే డాక్టరుకు ఈ పని చేసిన సంగతి తప్పక చెప్పాలి. రెండూ మందులకు లొంగే జబ్బులే, ఆలస్యం జరిగితేనే ప్రమాదం.

అందుకే ఎలుక పెంటికలు, గబ్బిలాల రెట్ట, కోతుల మలం ఉన్న చోట పొడి చీపురు పెట్టకూడదు. ఊడిస్తే లేచే దుమ్ము నేరుగా ఊపిరిలోకి పోతుంది. ముందు బ్లీచింగ్ నీళ్ళతో తడపాలి. బజారులో దొరికే బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు క్లోరిన్ ఉంటుందనుకుంటే, లీటరు నీటికి 15 గ్రాములు కలిపితే ఇందుకు సరిపడే బలం వస్తుంది. మూత తీసి ఏడాదిగా మూలన పడి ఉన్న పౌడరులో ఆ బలం ఉండదు, ఘాటైన వాసన రాని పౌడరును నమ్మవద్దు. తడిపి పది నిమిషాలు ఆగి, పాత గుడ్డతోనో అట్టముక్కతోనో ఎత్తి, రెండు సంచుల్లో కట్టి పారేయాలి, తర్వాత అదే నీళ్ళతో గచ్చును ఇంకోసారి కడగాలి. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు ఉండాలి. బ్లీచింగ్ నీళ్ళలో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. చచ్చిన ఎలుకను కాలువలోకి విసరకుండా, బావికి దూరంగా రెండు మూడు అడుగుల గుంట తీసి పైన సున్నం చల్లి పూడ్చాలి.

ఇక్కడ ఒక అపోహను సరిచేయాలి. గచ్చుకు పనికొచ్చిన బ్లీచింగ్ మట్టికి పనికిరాదు. మట్టిలోని సేంద్రియ పదార్థం తగిలిన వెంటనే క్లోరిన్ తన బలమంతా దాని మీదే ఖర్చు చేసుకుంటుంది, క్రిములు మిగులుతాయి, వానపాములు చస్తాయి, కరివేపాకు చెట్టు మాడుతుంది. పెంటికలు పడిన మట్టిని పై రెండు మూడు అంగుళాలు పారతో చెక్కి గుంటలో పూడ్చి, మిగిలిన నేలను తిరగేసి ఎండబెట్టడమే సరైన పని. మన మే నెల ఎండను మించిన క్రిమిసంహారకం ఖర్చు లేకుండా ఇంకెక్కడ దొరుకుతుంది? నీళ్ళు నిలిచే పల్లాన్ని మాత్రం ఎండ కూడా బాగుచేయలేదు. దాన్ని మెరక చేసి నీరు బయటికి పోయే వాలు ఇవ్వాలి.

కోతులు తిరిగిన ఇంట్లో మొదట చూడాల్సింది మిద్దె మీది నీళ్ళ ట్యాంకు. మూత పీకి స్నానం చేసి, అందులోనే మలవిసర్జన చేసిన ట్యాంకు నీళ్ళతో ఇంటిల్లిపాదీ పళ్ళు తోముకోవడం జరుగుతూనే ఉంది. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, అడుగు పాచిని రుద్ది కడిగి, మళ్ళీ నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడరును బకెట్టులో కలిపి, తేరిన నీటిని అందులో పోయాలి. ఒక రోజంతా అలాగే ఉంచి, ఆ నీళ్ళు మొత్తం వదిలేసి, శుభ్రమైన నీటితో ఒకసారి కడిగాకే వాడుకోవాలి. మూతకు బోల్టు వేసిన పట్టీ బిగించాలి, తాడు కోతిని ఆపదు.

ఇప్పుడు పూడ్పు దగ్గరికి వద్దాం. నెల్లూరు దగ్గర ఒక మేస్త్రీ అరుగు మీద ఇనుప కడ్డీ బోర్లించి తట్టుకుంటూ వెళుతూ, గట్టిగా ‘ఠంగు’మన్న చోటు వదిలేసి, ‘డబ్బు’మన్న చోట సుద్దతో సున్నా గీయడం చూశాను. “మూతి మూస్తే ఏముందన్నా, లోపలంతా డొల్లే కదా” అన్నాడు ఆయన. సుద్ద సున్నాలన్నీ కలిపి చూస్తే అరుగు కింద సొరంగం పోయిన దారి స్పష్టంగా కనిపించింది. పూడ్పు మొత్తం ఆ దారిని తెలుసుకోవడం మీదే ఆధారపడి ఉంటుంది. ఆరుబయట అయితే బొరియను మూతి నుంచి చివరి దాకా తెరిచి తవ్వడం ఉత్తమం. లోపల పందికొక్కు దాచిన వడ్ల వెన్నులు, వేరుశనగ కాయలు, గడ్డి గూడు దొరుకుతాయి. వాటిని పూర్తిగా తీసేయకపోతే ఆ వాసనకే మరొకటి వస్తుంది. తవ్విన కందకంలో మట్టిని ఒక్కసారిగా తోసేయకుండా, ఆరేసి అంగుళాల పొరలుగా వేసి, ప్రతి పొరనూ నీళ్ళతో తడిపి, దిమ్మిసతో కొట్టాలి. గోడ కిందికో, గచ్చు కిందికో పోయిన సొరంగాన్ని తవ్వడం కుదరనప్పుడు మట్టినీ ఇసుకనూ పలుచగా కలిపి పై మూతి నుంచి పోస్తూ, కింది మూతిలో పొంగేదాకా నింపాలి. అది దిగి ఆరాక ఇంకోసారి పోయాలి. పునాదిని ఆనుకుని ఉన్న మూతులను చివరి అడుగు మేర కంకర కాంక్రీటుతో, 1:4:8 పాళ్ళలో సిమెంటు, ఇసుక, కంకర కలిపి బిగించవచ్చు. పునాది రాయి కదిలినట్టు, గోడలో మెట్లు మెట్లుగా బీట కనిపించినట్టు అయితే మేస్త్రీతో ఆగకుండా ఇంజనీరుకు చూపించుకోవాలి.

నేలను బట్టి పద్ధతి మారాలి, అది మరిచిపోవడం వల్లే చాలా పూడ్పులు ఏడాది తిరక్కముందే కుంగుతాయి. కావలి, అల్లూరు, కొత్తపట్నం, సింగరాయకొండ వంటి తీరపు ఇసుక నేలల్లో సొరంగం పైకప్పు దానంతట అదే కూలి, పైకి గుంటగా కనిపిస్తుంది. అక్కడ ఉత్త ఇసుకతో పూడిస్తే మళ్ళీ తవ్వడం పందికొక్కుకు మరీ తేలిక. ఎర్ర గ్రావెల్ కలిపి కొట్టాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేల ఎండకు నెర్రెలు విడిచి, వానకు ఉబ్బుతుంది. ఎండిన నల్లమట్టి బెడ్డలతో పూడ్చినది వానాకాలంలో ఉబ్బి గచ్చును ఎత్తేస్తుంది, వేసవిలో కుంచించుకుని గోడ పక్కన మళ్ళీ సందు ఇస్తుంది. అందుకే గోడ వెంబడి ఒక అడుగు మేర నల్లమట్టి తీసేసి గ్రావెల్ నింపడం, నెర్రెలను ఏటా వేసవిలో ఇసుకతో పూడ్చడం తప్పనిసరి. మెట్ట ప్రాంతపు ఎర్ర నేలలు ఈ విషయంలో నయం, తడిపి కొడితే బిగుసుకుంటాయి.

పూడ్చిన చోట మళ్ళీ తవ్వకుండా ఇనుప జాలీ వేయాలి. పావు అంగుళం కన్నాల గాల్వనైజ్డ్ జాలీని గోడ వెంబడి అడుగు లోతు కందకంలో నిలువుగా దించి, అడుగున బయటి వైపుకు అర అడుగు మడిచి పూడ్చాలి. తవ్వుతూ దిగిన పందికొక్కుకు మడత అడ్డం వస్తుంది, దాన్ని దాటి అవతలి నుంచి తవ్వాలన్న తెలివి దానికి సాధారణంగా ఉండదు. ప్లాస్టిక్ దోమతెరను అది ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. స్నానాల గది తూముకు, వాననీటి గొట్టం అడుగుకు, కిటికీ కింది పగులుకు అదే ఇనుప జాలీ బిగించాలి. చీమకుర్తి చుట్టుపక్కల వాళ్ళకు గ్రానైటు ముక్కలు చవగ్గా దొరుకుతాయి కాబట్టి గోడ మొదట్లో వాటిని పరిచి సందులు సిమెంటుతో పూడిస్తే జాలీ ఖర్చు కొంత తగ్గుతుంది.

చెట్ల సంగతికొస్తే, కోతులు విరిచిన జామ, మామిడి, నిమ్మ కొమ్మలను చీలిక ఉన్నచోటనే వదిలేస్తే అక్కడ నీరు చేరి తెగులు పడుతుంది. పొదలకూరు వైపు నిమ్మ రైతులు బంక తెగులుకు వాడే బోర్డో పేస్టే దీనికీ మందు. చీలిన కొమ్మను మంచి చెక్క దాకా రంపంతో నున్నగా కోయాలి. 100 గ్రాముల మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేటు) ఒక ప్లాస్టిక్ డబ్బాలో అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నాన్ని మరో డబ్బాలో అర లీటరు నీటిలో విడివిడిగా కరిగించి, రెంటినీ కలుపుతూ మూడో డబ్బాలోకి పోయాలి. ఇనుప చాకును ఒక నిమిషం అందులో ముంచి తీస్తే, అలుగు మీద రాగి రంగు పూత పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం. ఇంకాస్త సున్నపు నీళ్ళు కలిపి, పూత పట్టకుండా అయ్యేదాకా చూడాలి. ఆ రోజు కలిపినది ఆ రోజే కుంచెతో పూయాలి, ఇనుప పాత్రలో కలపకూడదు. కొబ్బరి మీదికి ఎలుకలు ఎక్కుతుంటే మాను చుట్టూ మనిషెత్తున అడుగున్నర వెడల్పు రేకు చుట్టి, పక్క చెట్ల కొమ్మలు తగలకుండా కోస్తే సరిపోతుంది. కప్పు మీది పగిలిన పెంకులు, తెగిన కేబుళ్ళు వానలకు ముందే మార్చుకోవాలి, సర్వీసు వైరు తొక్కు ఊడితే దాన్ని సొంతంగా ముట్టుకోవద్దు.

అడవి పందులు పొర్లిన నేల చూడటానికి దున్నినట్టే ఉంటుంది గానీ అది దుక్కి కాదు. పై మట్టి, అడుగు మట్టి తలకిందులై, గుంటల్లో నీరు నిలుస్తుంది. దాన్ని వెంటనే చదును చేసి, మిగిలిన దుంపలు ఏరేసి, అదునులో జనుమో జీలుగో చల్లి పూతకు రాగానే కలియదున్నితే ఒక పంటకాలంలో నేల తేరుకుంటుంది. దుంపలు వదిలేస్తే పందులు మళ్ళీ అక్కడికే వస్తాయి.

చివరగా, ఈ పని కోసం కదిలించిన సామానును తిరిగి ఎలా సర్దుకుంటామన్న దాని మీద చాలా ఆధారపడి ఉంది. కట్టెలు, కొబ్బరి మట్టలు, ఇటుకలు గోడను ఆనించకుండా, నేల నుంచి ఒక అడుగు ఎత్తులో రాళ్ళ మీదో చెక్కల మీదో పేర్చాలి, కింద చీపురు దూరేంత ఖాళీ ఉండాలి. గడ్డివామిని వీలైనంత వరకు పశువుల కొట్టానికి, ఇంటికి మధ్యలో కాకుండా దొడ్డి చివర, ఎత్తు దిమ్మె మీద వేసుకోవాలి. కోళ్ళ దాణా, దాణా తొట్టి రాత్రి పూట లోపల పెట్టాలి. పూడ్చిన చోట్లను మాత్రం తొలి పెద్ద వాన వెలిశాక ఒకసారి, దీపావళి దాటాక మరోసారి చూడాలి. ఎక్కడ మట్టి దిగి గుంట పడిందో అక్కడ లోపల ఇంకా ఖాళీ ఉన్నట్టు లెక్క. అక్కడే తిరిగి తవ్వి, తడిపి, దిమ్మిసతో కొట్టి పూడ్చాలి.